మునేటి గట్టున పిట్టల లెక్క

మునేరు పేరు ఈమధ్య పేపర్లో రెండు సందర్భాల్లోనే కనిపిస్తోంది. ఒకటి ఇసుక, రెండోది వరద. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళెక్కి విజయవాడ–హైదరాబాద్ బస్సులు ఆగిపోయినప్పుడు, మరుసటేడు సెప్టెంబరులో మళ్ళీ మునిగినప్పుడు టీవీల వాళ్ళు ఏటి ఒడ్డున నిలబడి గంటల తరబడి మాట్లాడారు. వాళ్ళ కాళ్ళ కింద ఉన్న ఒడ్డు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ ఒడ్డు మీద ఏం మొలుస్తుంది, అందులో ఎవరు కాపురముంటారు, వరద తీశాక ఎవరు తిరిగొస్తారు? అది చూద్దామనే బయల్దేరాం, నేనూ మా మిత్రుడూ. ఆయన నందిగామ ప్రాంతంవాడే. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్ళు తీర్థయాత్రలకు పోతారు. ఈయన మెడలో బైనాక్యులర్ వేసుకుని తుమ్మడొంకల వెంట పోతాడు.

ఆరుద్ర కార్తె ఎంచుకున్నది ఆయనే. తొలకరి పడి రెల్లు చిగురేసే రోజులు. చలికాలంలో అయితే ఎక్కడెక్కడి వలస పిట్టలో దిగుతాయి, జాబితా బారెడవుతుంది. చూసేవాడికి సంబరమే కానీ గట్టు గురించి తెలిసేది తక్కువ. గూడు కట్టేదే అసలు కాపురస్తుడు. పాట పాడుతున్న మగపిట్ట అంటే ఈ నాలుగు చెట్లూ నావి, ఇక్కడ పిల్లలకు తిండి ఉంది అని చాటుతున్నట్టే. కాబట్టి పాటలు లెక్కబెడితే గట్టు ఆరోగ్యం తెలుస్తుందంటాడు మా మిత్రుడు.

ముందు పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తిరునాళ్ళప్పుడు ఇసుక వేస్తే రాలని ఊరు, ఆరుద్రలో ప్రశాంతంగా ఉంది. సత్రంలో పడుకుని, చీకటి ఉండగానే ఏటికి దిగాం. స్నానాల రేవు దగ్గర సిమెంటు మెట్లు, దీపస్తంభాలు, కొబ్బరి చిప్పలు. అక్కడ దొరికినవి కాకి, గోరింక, ఊరపిచ్చుక. ఈ మూడూ మనిషి ఎంగిలి మీద బతకనేర్చినవే. నాలుగడుగులు దిగువకు నడిచామో లేదో కథ మారింది. గట్టు మీద కానుగలు, వాటి మధ్య ఒక ముసలి మద్ది, కింద వావిలి పొదలు. మద్ది తొర్రలో కాపురమున్నట్టుంది, ఇంకా వెలుతురు రాకుండానే పెద్ద నల్లంచి మొదలుపెట్టింది. నలుపు తెలుపు కోటు వేసుకున్న ఈ పిట్ట ఒకే వరస పట్టుకుని ఉండదు, రకరకాలుగా మార్చి పాడుతుంది.

లెక్క పద్ధతి చాలా సులువు. ఒకచోట కదలకుండా నిలబడాలి. ఐదు నిమిషాలు. యాభై మీటర్ల లోపల వినిపించినవి, కనిపించినవి రాసుకోవాలి, పైనుంచి ఎగిరిపోయేవి వేరే గడిలో. తర్వాత రెండు మూడు వందల మీటర్లు నడిచి మళ్ళీ నిలబడాలి, లేకపోతే అదే పిట్టను రెండుసార్లు రాస్తాం. ప్రతి చోటా గట్టు మీద ఏముందో కూడా రాయాలి: చెట్టెంత ఎత్తు, పొద ఉందా లేదా, గడ్డి ఉందా, నీరు ఎంత దూరం. సెల్‌ఫోన్లో మెర్లిన్ అనే యాప్ ఉంది, కూత వినిపిస్తే పేరు చెబుతుంది. మా మిత్రుడికి దాని మీద నమ్మకం లేదు, నాకు నా చెవి మీద నమ్మకం లేదు. ఇద్దరం రాజీపడి, కంటికి కనిపిస్తేనే పేజీ ఎక్కించాం.

ఈ పద్ధతితో పెద్ద పని సాధించిన చోటు కాలిఫోర్నియా. అక్కడ శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల ఒడ్డు అడవిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా పొలాలకూ ఆనకట్టలకూ పోయింది. మిగిలినచోట్లా, కొత్తగా చెట్లు నాటినచోట్లా ఏళ్ళ తరబడి ఇలాగే నిలబడి పిట్టలను లెక్కించారు. తేలింది ఏమిటంటే, చెట్లు మాత్రమే నాటితే చాలదు, కింద పొద, గడ్డి కూడా వేస్తేనే చాలా పిట్టలు గూడు కడతాయి. దాంతో నాటే పద్ధతే మార్చారు. 2005లో శాన్ వాకీన్ నది ఒడ్డున, మూడేళ్ళ కిందట నాటిన మొక్కల్లో లీస్ట్ బెల్స్ విరియో అనే చిన్న పిట్ట గూడు పెట్టింది. ఆ నదుల లోయలో అది గూడు పెట్టి అప్పటికి అరవై ఏళ్ళు దాటింది. ఎవరూ దాన్ని పట్టుకొచ్చి వదల్లేదు. అనువైన ఇల్లు కనిపించింది, వచ్చింది.

పెనుగంచిప్రోలు నుంచి వత్సవాయి మండలంలోకి, పోలంపల్లి ఆనకట్టకు పోయాం. ఆనకట్ట మీద నీటి రొదలో పాట వినపడదు, కాబట్టి లెక్క అక్కడ కుదరదు. కొంచెం దిగువన, నీరు నెమ్మదించినచోట, మనిషి మునిగేంత రెల్లు. ఇక్కడ గంటసేపు కదలబుద్ధి కాలేదు. ఏటి మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ళు. పసుపు తల మగపిట్ట ఒకటి ఈతాకు అంచున ముక్కుతో చిన్న గంటు పెట్టింది. గంటు దగ్గర పట్టుకుని ఒక్కసారి ఎగిరింది. జానెడు నార చీలి దాని వెంట వచ్చింది. ఆ నార తెచ్చి, వేలాడుతున్న పిందె గూటిలో అల్లింది. గూడు సగమయ్యాక, హెల్మెట్ బోర్లించినట్టు ఉన్న దశలో ఆపేసి, రెక్కలు కొట్టుకుంటూ కేకలు మొదలుపెట్టింది. ఆడపిట్ట వచ్చింది, లోపలికి దూరింది, నారను ముక్కుతో లాగి చూసింది, వెళ్ళిపోయింది. మగడు కాసేపు ఊరుకుని, పక్కనే ఇంకో గూటికి నార తేవడానికి పోయాడు. నచ్చితేనే ఇల్లు పూర్తవుతుంది, కింద గొట్టం దిగుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. ఆ చెట్టు నిండా అలాంటివి ఎన్నో.

రెల్లు లోపల ఇంకో లోకం. బొటనవేలంత ప్రినియా పిట్టలు రెల్లు కాడలెక్కి గొంతు చించుకుంటున్నాయి. జీనువాయిలు గుంపుగా లేచి మళ్ళీ దిగుతున్నాయి. రెల్లును మనవాళ్ళు పిచ్చి గడ్డి కింద జమకడతారు. నిజానికి వరదకు గట్టు కోసుకుపోకుండా మట్టిని బిగించిపట్టేది ఆ వేళ్ళే.

అక్కడే మేకలు తోలుకొస్తున్న పెద్దాయన తగిలాడు. బైనాక్యులర్ చూసి ఆగాడు. "ఏందయ్యా, ఇసక క్వారీకా, బూమి సర్వేకా?"

"పిట్టల్ని లెక్కేస్తున్నాం పెద్దయ్యా."

నమ్మలేదు. మా పుస్తకంలోకి తొంగిచూశాడు. "పిట్టల్ని లెక్కెట్టేదానికి ఎవురన్నా డబ్బులిత్తారా?"

ఇవ్వరని చెప్పాక గానీ నెమ్మదించలేదు. తర్వాత తనే కూర్చుని చెప్పుకొచ్చాడు, బొగ్గుబట్టీల వాళ్ళు ఆ వైపు సర్కారు తుమ్మ మొత్తం కొట్టేశారని, మళ్ళీ అదే మొలిచిందని, ఈసారి ఇంకా దట్టంగా వచ్చిందని. "దాన్ని సంపటం మీవల్లగాదు, నావల్లగాదు. నా మేకలే దాని ఇత్తనాల్ని మోసుకొచ్చి ఏత్తయ్యి." శాస్త్రం పుస్తకాల్లో రాసి ఉన్న సంగతి ఇదే. సర్కారు తుమ్మ కాయల్ని పశువులు తింటాయి, విత్తనం అరగకుండా పేడలో పడి మొలుస్తుంది.

సర్కారు తుమ్మ దగ్గరే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. అది దక్షిణ అమెరికా చెట్టు, నీరు పీల్చేస్తుంది, కింద ఏదీ మొలవనివ్వదు, మొత్తం పెకలించి పారేయాలన్నది నా మాట. ఆయన ఆ తుమ్మలోకే చెయ్యి చూపించాడు. లోపల ఒక గుబురులోంచి ఉన్నట్టుండి గలగలమని గొంతులు. తెల్ల కనుబొమల పికిలి. పైకి కనపడదు, పొద లేనిచోట బతకదు. మద్దులూ వావిళ్ళూ పోయిన గట్టు మీద దానికి మిగిలిన పొద ఈ ముళ్ళ తుమ్మే. అమెరికా నైరుతి ప్రాంతంలోనూ ఇదే చిక్కు వచ్చింది. బయటి దేశపు టామరిస్క్ పొదలు నది ఒడ్లను ఆక్రమించాయని ఆకు తినే పెంకుపురుగుల్ని వదిలారు. తీరా చూస్తే, అంతరించే జాబితాలో ఉన్న సౌత్‌వెస్టర్న్ విల్లో ఫ్లైక్యాచర్ అనే పిట్ట ఆ పొదల్లోనే గూళ్ళు కడుతోంది. 2010లో వాళ్ళ వ్యవసాయ శాఖ పురుగుల్ని వదిలే కార్యక్రమం ఆపేసింది. సర్కారు తుమ్మ మీద నాకు ఇప్పటికీ ప్రేమ లేదు. కానీ ఒక్క సీజన్లో జేసీబీ పెట్టి తుడిచేయడం పని కాదని ఒప్పుకున్నాను. ముక్కలు ముక్కలుగా తీయాలి, తీసినచోట వావిలి, కానుగ, ఈత లేచాకే తర్వాతి ముక్క జోలికి పోవాలి.

జగ్గయ్యపేటలో ఎక్కువసేపు ఆగలేదు. ధనబోడు మీద బౌద్ధ స్తూపం చూడాల్సిందే కానీ ఈసారి మా పని అది కాదు. సున్నపురాయి గనులు, సిమెంటు లారీలు దాటుకుని గరికపాడు వైపు పాలేటికి పోయాం. రాష్ట్రాల సరిహద్దు ఇదే, అవతల కోదాడ వైపు తెలంగాణ. పాలేటి గట్టు మునేటి గట్టులా లేదు. పత్తి సాళ్ళు ఏటి అంచుదాకా దున్నేశారు. గట్టుకూ పొలానికీ మధ్య మనిషి పడుకునేంత జాగా కూడా వదల్లేదు. ఐదు నిమిషాలు నిలబడితే వినిపించినవి మోటారు చప్పుడూ, ఎక్కడో ఏట్రింత అరుపూ. మిగిలిన ఒకే ఒక వేప కొమ్మ మీద నుంచి ఏట్రింత దూకి, గాల్లోనే పురుగును పట్టి, మళ్ళీ అదే కొమ్మకు చేరుతోంది.

వ్యవసాయ శాఖవాళ్ళు పత్తి, శనగ, మిర్చి రైతులకు ఎకరానికి ఇన్ని అని పక్షి స్థావరాలు పెట్టమంటారు. కర్రకు అడ్డకర్ర కట్టి పొలంలో పాతడం. ఏట్రింతలు, గోరింకలు వాటి మీద వాలి గొంగళిపురుగుల్ని ఏరి తింటాయి. మంచి సలహాయే. కానీ కర్ర మీద వాలడానికి పిట్ట రావాలంటే దాని గూడు దగ్గర్లో ఉండాలి కదా. గూడు కట్టే చెట్టు కొట్టేసి, వాలే కర్ర పాతితే పిట్ట గాల్లోంచి పుట్టదు. ఆ మాటే ఒక రైతుతో అంటే నవ్వాడు. "చెట్టు నీడకి పత్తి ఎదగదండీ, నాలుగు సాళ్ళు పోతయ్యి. కౌలు ఎవరు కడతారు?" దీనికి నా దగ్గర జవాబు లేదు. గట్టు మీద పిట్ట పండించే పంటకు కౌలు రైతు ఒక్కడే ఖర్చు పెట్టుకోవాలనడం న్యాయం కాదు. అది ప్రభుత్వం మోయాల్సిన బరువు. ఉపాధి హామీలో చెరువు పూడికకు కూలి ఇచ్చినట్టే ఏటిగట్టు పొదకూ ఇవ్వొచ్చు.

తిరుగుదారిలో కీసర దగ్గర దిగాం. వైరా ఏరు కూడా కలిశాక ఇక్కడ మునేరు వెడల్పవుతుంది. వంతెన మీద టోల్ ప్లాజా వైపు లారీల బారు. వంతెన కింద వానకోయిలలు మట్టి ఉండలు మోస్తూ దూలాలకు గూళ్ళు మెత్తుతున్నాయి. కాంక్రీటునూ వాడుకోవడం నేర్చిన పిట్టలివి. రోడ్డు వారన సర్కారు తుమ్మ కొమ్మలకు నిరుటి పత్తి లారీల నుంచి రాలిన దూది ఇంకా వేలాడుతోంది. దాన్ని ముక్కుతో పీక్కుపోతున్న కుట్టుపిట్టను మా మిత్రుడే ముందు చూశాడు. గూడు రోడ్డుకు ఎంతో దూరం లేదు, ఒక టేకు మొలకకు. రెండు వెడల్పాకుల అంచుల్ని దగ్గరకు లాగి, ముక్కుతో వరసగా బెజ్జాలు పొడిచి, దూదిపోగు దూర్చి, అవతల ఉబ్బేలా తొక్కింది. ముడి లేదు, ఆ ఉబ్బే ముడి. లోపల ఏముందో చూద్దామని నాకు చెయ్యి దురదపెట్టింది. మా మిత్రుడు భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. గూటిని ముట్టుకుంటే కాకికి దారి చూపించినట్టేనట.

పుస్తకం తిరగేస్తే వరస తప్పలేదు. చెట్టు, పొద, గడ్డి మూడూ ఉన్నచోట పేజీ నిండింది. చెట్లు మాత్రమే ఉన్నచోట సగం. సిమెంటు రేవు దగ్గరా, దున్నేసిన గట్టు దగ్గరా రెండు మూడు గీతలు. ఇది పరిశోధన అనిపించుకోదు. ఇవే చోట్లలో ఏటేటా ఆరుద్రలో నిలబడి రాస్తే అవుతుంది. అందుకు నందిగామ, జగ్గయ్యపేట కాలేజీల్లో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివే పిల్లలు చాలు. పెద్ద సామాను కూడా అక్కర్లేదు.

మునేటి గట్టున ఉన్న పంచాయతీలకూ, వరద గట్లు బాగుచేయబోయే ఇంజనీర్లకూ, వనమహోత్సవానికి మొక్కలు పంపే అటవీ శాఖకూ ఒక విన్నపం. ఏటి ఒడ్డున నాటేటప్పుడు పూల మొక్కలు వద్దు. కానుగ, మద్ది, నేరేడు నాటండి, వాటి మధ్య వావిలి పెట్టండి, నీటి అంచున రెల్లును దాని మానాన వదిలేయండి. గట్టు శుభ్రం చేయిస్తున్నామని పొదలు కొట్టించకండి. తప్పదంటే, గూళ్ళ కాలమైన జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకా ఆగి, ఆ తర్వాత కత్తి పెట్టించండి.