కాలయంత్రం - కాళేశ్వర సన్నిధి

గడచిన కాలాన్ని వెనుకకు మరల్చగలిగితే ఎంత బాగుండునన్న కోరిక ఏదో ఒకనాడు కలుగని మానవుడు ఉండడు. ఆ కోరికకు దృశ్యరూపం కల్పించిన తెలుగు చలనచిత్రం ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో విడుదలైన ఈ చిత్రంలో నందమూరి బాలకృష్ణ నవయువకుడుగానూ, శ్రీకృష్ణదేవరాయలుగానూ కనిపిస్తారు. ఒక శాస్త్రజ్ఞుడు నిర్మించిన కాలయంత్రం నాయికానాయకులను మొదట 1526 నాటి విజయనగరానికీ, పిదప 2504వ సంవత్సరానికీ చేరుస్తుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంతగా విస్తరించని ఆ రోజుల్లో, రాయల సభనూ, అణుధార్మికతకు వెరచి భూగర్భంలో తలదాచుకున్న భావి మానవ లోకాన్నీ సెట్లతో, కెమెరా నేర్పుతో కళ్ళకు కట్టించారు. 2025 ఏప్రిల్‌లో ఆ చిత్రం మళ్ళీ థియేటర్లకు వచ్చింది.

కరీంనగరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ వేసవిలోనే తన తొమ్మిదేండ్ల మనుమనితో ఇంట్లో టీవీ ముందు కూర్చుని దానిని చూశాడు. పెండ్లైన తొలి సంవత్సరం, 1991లో, భార్యతో కలిసి చూసిన సినిమా అది. నాడు ఆమె ఎక్కడెక్కడ నవ్విందో ఆయనకు ఇంకా జ్ఞాపకమే. సరిగా ఆ తావులలోనే నేడు మనుమడు నవ్వుతున్నాడు. ఆమె పోయి నాలుగేండ్లయింది.

“తాతా, ఆ మిషన్ మనకు దొరికితే నువ్వు ఏడికి పోతవ్?” అని బాలుడు అడిగాడు. తాత సమాధానం చెప్పలేదు. చెప్పవలసినది ఒక్కటే ఉన్నది, కాని అది పసివానితో పలుకదగినది కాదు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. యంత్రమే లభించి 1991 నాటి ఆ సాయంకాలానికి వెళ్ళినా, ఆమె ప్రక్కన కూర్చునేది ఎవరు? నాటి యువకుడు రాబోయేది తెలియనివాడు గనుక నవ్వగలిగాడు. ఇప్పుడు వెళ్ళేవాడు ముప్పది నాలుగేండ్ల ఎరుకను వెంటబెట్టుకుని వెళతాడు. ఆమె నవ్వుతూ ఉండగా చీకటిలో కన్నీరు తుడుచుకుంటాడు. ఆ చిత్రంలో కాలాలు మారినా, రాయలనాటి వజ్రంపై ప్రతినాయకుని తృష్ణ మారదు. దేహాన్ని ఎంత దూరం మోసినా వాసనలను దించగల యంత్రం లేదని ఆయనకు తోచింది.

భాగవత నవమస్కంధంలోని కకుద్మి వృత్తాంతం ఆయనకు స్ఫురించింది. కుమార్తె రేవతికి తగిన వరుని గూర్చి విచారించడానికి ఆ రాజు బ్రహ్మలోకానికి వెళ్ళి, అచ్చట గంధర్వగానం ముగిసేవరకు క్షణకాలం వేచియున్నాడు. అంతలోనే భూలోకంలో ఇరువదియేడు చతుర్యుగాలు గడచిపోయాయి. తనవారనదగినవారు ఒక్కరూ మిగలలేదు. అయినా ఆయన గతాన్ని తిరిగి ఇమ్మని బ్రహ్మను వేడుకొనలేదు. రేవతిని బలరామునికి అర్పించి, తాను బదరికి తపస్సుకై తరలిపోయాడు. పాఠశాలలో ఎన్నోమార్లు చెప్పిన ఆ కథలోని తండ్రి దుఃఖం ఉపాధ్యాయునికి ఆ రాత్రి మొదటిసారి తెలిసింది.

మే నెలలో, బృహస్పతి మిథునరాశిలో ప్రవేశించగా, కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. గోదావరీ ప్రాణహితల సంగమంలో సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందని భక్తుల విశ్వాసం. 2013 పుష్కరాలకు ఆయన భార్యతో వచ్చాడు. నాలుగేండ్ల క్రితం ఆమె అస్థులను కలిపినదీ ఈ నీటిలోనే. ఈసారి మనుమని చేయి పట్టుకుని దిగాడు. పన్నెండేండ్లకు బృహస్పతి అదే రాశికి తిరిగివచ్చాడు, ఆమె రాలేదు.

స్నానానంతరం ఇరువురూ ఆలయంలో ప్రవేశించారు. అక్కడ ఒకే పానవట్టంపై రెండు లింగాలు: ఒకటి కాళేశ్వరుడు, యమస్వరూపం, రెండవది ముక్తేశ్వరుడు, సాక్షాత్తు శివుడు. తొలి పూజ కాళేశ్వరునికి, అటుపిమ్మట ముక్తేశ్వరునికి. కాలాన్ని తప్పించుకుని ముక్తిని చేరే వేరొక ద్వారం ఆ గర్భాలయంలో లేదు. ఎన్నోమార్లు చూసిన ఆ క్రమమే ఆ దినం ఆయనను నిలిపివేసింది.

సర్వమూ క్షణికమన్న వాదాన్ని నిరాకరిస్తూ శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో స్మృతినే ఆధారంగా చూపారు: నాడు చూచినవాడు, నేడు స్మరించేవాడు ఒక్కడే కానిచో జ్ఞాపకమన్నదే పొసగదు. 1991లో నవ్విన దేహం మారింది, మనస్సు మారింది. రెంటినీ ఎరిగిన సాక్షి మాత్రం మారలేదు. ముప్పది నాలుగేండ్ల తరువాత కూడా జనులు ఆ పాత చిత్రాన్ని ఇంత మక్కువతో చూడడానికి కారణం ఇదే కావచ్చునని ఆయనకు అనిపించింది. చూచినదానిని మరల చూచేటప్పుడు, చూచేవాడు తనను తాను గుర్తుపడతాడు. ఆ ఎరుకతో ఆయన దుఃఖం తీరలేదు. కాని దానిని వదిలించుకోవాలన్న ఆరాటం కొంత తగ్గింది.

తిరుగు దారిలో మెట్ల మీద బాలుడు మరల అడిగాడు: “చెప్పనేలేదు గద తాతా, ఏడికి పోతవ్?”

“ఏడికీ పోను బిడ్డా. పుష్కరం మళ్ళ 2037ల వస్తది. నువ్వు ఈడికే రా. నేనుంటే నేనూ వస్త.”

సర్వం శ్రీ కాళేశ్వర ముక్తేశ్వరార్పణమస్తు.