బ్లేడు చెయ్యి, కత్తి చెయ్యి

నగరాల్లో కుర్రాళ్ళకు మళ్ళీ మడతకత్తి మీద మోజు పుట్టిందట, దాని మీద ఏదైనా రాసుకురమ్మని ఎడిటరు గారు పురమాయించారు. నగరం ఎందుకని, మా మేనమామ ఏళ్ళ తరబడి గడ్డం గీయించుకున్న తెనాలి షాపుకే వెళ్ళాను.

వెళ్ళేసరికి లోపల రభస. కుర్చీలో అమెరికా నుంచి సెలవుకొచ్చిన ఒకాయన. కత్తి ఆయన సొంతం, జర్మనీలోని సోలింగెన్ సరుకు. "ఏంటబ్బాయ్, పీకుతోంది! అక్కడ నేనే గీసుకుంటా, ఎప్పుడూ ఇలా పీకలేదు" అని విసుక్కుంటున్నాడు. గీస్తున్నది షాపు పెద్దాయన కొడుకు. చేతిలో వేగం ఉంది, బెదురు లేదు. అయినా కత్తి చెంప మీద బరబరా గీరుతోంది.

మూల స్టూలు మీంచి పెద్దాయన లేచాడు. "కత్తి మంచిదేరా. నీది బ్లేడు చెయ్యి. ఇలా ఇవ్వు."

ముందు తోలు పట్టీ అందుకున్నాడు. వెన్ను ముందు, వాదర వెనక. పట్టీ చివరికి రాగానే కత్తిని వెన్ను మీదే దొర్లించి వెనక్కి లాగాడు. "వాదర మీద తిప్పితే తోలు తెగుద్ది, పదునూ పోద్ది" అని కొడుక్కి చెబుతున్నట్టు నాకు చెప్పాడు.

కొడుకు చెయ్యి తిరిగింది సగానికి విరిచిన బ్లేడును పిడిలో బిగించే కత్తి మీద. ఆ సగం బ్లేడు బిరుసుగా ఉంటుంది, మూలలు గుచ్చుకుంటాయి, బరువనేది ఉండదు. దానికి పొట్టి పొట్టి గీతలు, పైపైన తేలే చెయ్యి కావాలి. సోలింగెన్ కత్తిని రెండు పక్కలా లోతుగా దొలుస్తారు. వాదర పలచన. నిలబెట్టి నొక్కితే అది వంగి చర్మాన్ని గీరుతుంది. కుర్రాడు చేస్తున్నది అదే. పెద్దాయన ఎడమచేత్తో చెంపను బిగలాగి, కత్తి వెన్నును కిందికి దించి, చెవి దగ్గర్నుంచి దవడదాకా వాలుకి ఒకే గీత లాగాడు. సన్నగా చిటపటమంది. "వింటున్నారా? చప్పుడు మారిందంటే పట్టు మారినట్టే." పుస్తకాలు 30 డిగ్రీలంటాయి. ఆయన లెక్క వేరు: వెన్నుకీ చెంపకీ మధ్య మరో వెన్ను, మహా అయితే రెండు, పట్టాలి. కొలబద్ద కత్తిలోనే ఉంది. సాన పెట్టేటప్పుడు కూడా వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించే నూరతారు కదా. సగం బ్లేడుకు ఆ ఆసరా లేదు, భారమంతా మణికట్టుదే.

సొరుగులోంచి వాళ్ళ నాన్న కత్తి తీసి చూపించాడు. ఇంగ్లండులోని షెఫీల్డుది. దొలుపు లేని దిమ్మ, బరువు, గీసేటప్పుడు చప్పుడే చెయ్యదట. బిరుసు గడ్డానికి అదే మొనగాడంటాడు. దాన్ని ఇంకాస్త పడుకోబెట్టి, బరువును దాని మానాన దిగనివ్వాలి, మనం తొయ్యకూడదు. పలచ కత్తికి అలవాటుపడి దీన్ని పడితే మొదటి గీత అరక ఎద్దును బండికి కట్టినట్టే ఉంటుందని నవ్వాడు. ఆ కత్తి ఇప్పుడు ఎవరి చెంపకూ తగలనివ్వడు. అదే సబబు.

మన దేశంలో 1986లో హెచ్‌ఐవీ బయటపడ్డాక, ఒకరి రక్తం అంటిన కత్తి ఇంకొకరికి పెట్టడమేమిటన్న భయం పుట్టింది. మనిషికో కొత్త బ్లేడు అలవాటైంది. దానితో నాకు పేచీ లేదు. నా విసుగు వేరే. కత్తి మార్చమన్నవాళ్ళు చెయ్యి ఎలా మార్చుకోవాలో నేర్పలేదు. పెద్దాయన తరంవాళ్ళు ఆ పాఠం ఖాతాదార్ల చెంపల మీద, పటిక రాయి అరగదీస్తూ నేర్చుకున్నారు. కొడుకు చదివిన శిక్షణ కోర్సులో అసలు కత్తి ముట్టుకోనే లేదు. సోలింగెన్ అన్న పేరు ఎవరుపడితే వాళ్ళు కొట్టుకోకుండా జర్మనీ 1938లోనే చట్టం చేసుకుంది. ఇక్కడ మూడు రకాల కత్తికి మూడు రకాలుగా తిరిగే మణికట్టు ఉంటే, దాని దగ్గర ఒక్క కుర్రాణ్ణయినా కూర్చోబెట్టే ఏర్పాటు లేదు. మాలాంటి పత్రికలవాళ్ళం మాత్రం కత్తి ఫొటో నిగనిగలాడేట్టు అచ్చేస్తాం.

అమెరికా ఆయన చెంప తడిమి చూసుకుని, ఎంతివ్వమంటారన్నాడు. బ్లేడు గడ్డానికి ఎంతో అంతే ఇవ్వమన్నాడు పెద్దాయన. కొడుకు ఊరుకోలేదు. "అరగంట పట్టింది నాన్నా, సాన ఖర్చు ఎవరిస్తారు?" "ఎప్పుడూ వచ్చే ఇంటోళ్ళురా" అని తండ్రి. ఇద్దరూ నా వైపు చూశారు. కుర్రాడిదే న్యాయమన్నాను. పెద్దాయన ముఖం గంటు పెట్టుకుని సబ్బు బ్రష్షు కడుక్కోవడానికి వెళ్ళాడు.