మా పాత కారు - క్రొత్త టైర్లు

మోటారు టైర్లను గూర్చి పాఠశాల సంచికలో వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యీ వ్యాసము కారు గొప్పను చాటుటకు వ్రాసినది కాదు. నేను చేసిన యొక తప్పును, దానివలన నేర్చిన పాఠమును మా విద్యార్థులకు తెలుపుట కొఱకే వ్రాయుచున్నాను. సైన్సు పాఠములు చెప్పు నేనే యిట్టి తప్పు చేసితినన్న, తక్కినవారు మఱింత జాగ్రత్తపడుదురు గదా!

మా యిల్లు అశోక్‌నగరులో నున్నది. ఒకప్పుడు మా వీథిలో ప్రతి యింటి ముందఱను చిన్న తోట యుండెడిది. ఇప్పుడా తోటలున్న చోట అంతస్తుల మేడలు లేచినవి. పోటీ పరీక్షలకు చదువు యువకులతో వీథులు నిండియున్నవి. మా యింటి ముందఱి వేపచెట్టు మాత్రము మిగిలినది. దాని నీడలో 1969వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి నిలిచియుండును. దానిని మా నాన్నగారు 1978లో ఒక యుద్యోగి యొద్ద కొనిరి. నా చెల్లెలి యప్పగింతలు ఆ కారులోనే జరిగినవి. మా యమ్మను ఆసుపత్రికి కడసారి తీసికొనిపోయినదియు ఆ కారే. అందుచే నాన్నగారికి అది కేవలము ఇనుముతో చేసిన వస్తువు కాదు.

ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి హిందుస్థాన్ మోటార్సువారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో అంబాసిడరును తయారుచేయుచుండిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయినది. నాటినుండి దాని విడిభాగములను వెదకికొనుటయే గాని, అడిగిన వెంటనే దొరకుట లేదు.

2021లో మా కారు టైర్లు నాలుగును అఱిగిపోయినవి. వాని ప్రక్కగోడపై 5.90-15 అని యుండెను. మొదటి యంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము వ్యాసమును తెలుపును, రెండును అంగుళములే. ఈ కొలత చెప్పి చిక్కడపల్లిలో అడిగితిని, నారాయణగూడలో అడిగితిని. "ఆ సైజు ఇప్పుడెవరు వాడుచున్నారు సార్!" అని అందఱును నవ్విరి. తుదకు దూరముననున్న యొక దుకాణమున, గిడ్డంగి మూలనుండి నాలుగు టైర్లు తీసి, తుడిచి చూపిరి. అవి నల్లగా నిగనిగలాడుచుండెను. గాడులు లోతుగా నుండెను. క్రొత్త టైరుపై నుండు సన్నని రబ్బరు వెండ్రుకలు సైతము ఊడలేదు. వెల సగమే! నా తెలివికి నేనే మెచ్చుకొని, వానిని కొని వేయించితిని.

2023 మే నెలలో నాన్నగారిని, చెల్లెలి పిల్లల నిద్దఱిని తీసికొని భువనగిరికి బయలుదేరితిని. ఎండ మండిపోవుచుండెను. ఘట్‌కేసరు దాటిన పిమ్మట, గంటకు అఱువది కిలోమీటర్ల వేగమున పోవుచుండగా, పిడుగు పడినట్లు పెద్ద చప్పుడైనది. స్టీరింగు నా చేతులను లాగుకొని యెడమకు తిరిగిపోయెను. బ్రేకును గట్టిగా నొక్కరాదని మాత్రము ఆ క్షణమున జ్ఞప్తికి వచ్చినది. ఆక్సిలరేటరు వదలి, స్టీరింగును బిగించి పట్టుకొని, ఎట్లో దారి ప్రక్కన నిలిపితిని. మా వెనుక వచ్చుచుండిన లారీ బారెడు దూరమున దాటిపోయెను.

నాన్నగారు పలికినది ఒక్కటే మాట: "పిల్లలు?" పిల్లలకు ఏమియు కాలేదు. దిగి చూడగా ముందు ఎడమ టైరు పైపొర, అరటిపండు తొక్కవలె ఒలిచి వ్రేలాడుచుండెను. నాన్నగారు దానిని చేతితో తడవి, "ఇవి యెప్పటివి?" అని యడిగిరి. నేను జవాబు చెప్పలేకపోతిని. కొన్న తేదీ నాకు తెలియును. చేసిన తేదీ నేను చూడనేలేదు.

వణకు చేతులతో స్టెప్నీ వేసితిని. 1904లో వేల్సు దేశపు లానెల్లి పట్టణమున స్టెప్నీ వీథిలో కొందఱు కల్పించిన అదనపు చక్రమునుండియే యీ పేరు వచ్చినదని పిల్లలకు చెప్పి వారి భయము తీర్చుటకు ప్రయత్నించితిని గాని, నా గొంతు నాకే వింతగా వినబడెను. ప్రయాణము మానుకొని, మెల్లగా ఇల్లు చేరితిమి.

మఱునాడు నారాయణగూడలో మా కారును చిరకాలముగా చూచుచున్న ముసలి ఉస్తాదుగారికి టైర్లు చూపితిని. ఆయన కండ్లజోడు సవరించుకొని, ప్రక్కగోడపై చిన్న గడిలోనున్న నాలుగంకెలను వ్రేలితో చూపిరి: 3411. అనగా 2011వ సంవత్సరమున ముప్పదినాలుగవ వారము! 2000 సంవత్సరమునుండి చేయబడిన టైర్లపై ఈ నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. నేను క్రొత్తవని కొన్న టైర్లు నా చేతికి వచ్చునప్పటికే పదియేండ్లవి. ఆయన టైరును వంచిరి. పైకి నున్ననైన రబ్బరుపై ఎండిన చెఱువులో నెఱ్ఱెలవలె సన్నని పగుళ్లు తోచినవి. మా స్టెప్నీ అంతకంటెను ముసలిదని అప్పుడే తెలిసినది. దేవుని దయ గాక మఱేమి!

"సార్, మీరు గాడు చూచితిరి, వయస్సు చూడలేదు" అని ఉస్తాదుగారు మెల్లగా అనిరి. నేను తల వంచుకొంటిని. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచి గట్టిపఱచు విధమును కనుగొనిన కథను నేను ఏటేట తరగతిలో చెప్పుదును. ఆ రబ్బరే గాలిలోని ప్రాణవాయువు వలనను, ఓజోను వలనను, వేడిమి వలనను క్రమముగా పెళుసెక్కునని కూడ చెప్పుదును. వాడినను వాడకున్నను ఈ మార్పు ఆగదు. పాఠము నోట నుండెను గాని, కొనునప్పుడు కంటికి రాలేదు.

ఇక క్రొత్త టైర్లెట్టివి కొనవలెనను చర్చ మా యింట మొదలైనది. మా తమ్ముడు, "ఈ ఇనుప చక్రములు తీసివేసి, పదునాలుగంగుళముల అల్లాయ్ చక్రములు, 185/70 టైర్లు వేయింతము. అన్ని దుకాణములలోను దొరకును, చూచుటకును సొగసు" అనెను. నేను కాగితముపై లెక్క వేసితిని. 165/80 ఆర్ 15 టైరులో 165 అనగా వెడల్పు మిల్లీమీటర్లు. ఎత్తు అందులో నూటికి 80 పాళ్లు, అనగా 132. రిమ్ము వ్యాసము 381కి రెండు ప్రక్కల ఎత్తును కలుపగా మొత్తము 645 మిల్లీమీటర్లు. తమ్ముడు చెప్పినది ఇట్లే లెక్కింపగా 615 మాత్రమే. కారు నేలకు పదునైదు మిల్లీమీటర్లు క్రుంగును. చక్రము చిన్నదగుటచే స్పీడోమీటరు అంతకంటె నూటికి అయిదు పాళ్లు హెచ్చు చూపును. అంతియే కాదు: బోల్టుల వలయము, నడిమి రంధ్రము, చక్రము లోపలికి పోవు లోతు, ఈ మూడును సరిపడవలెను. చక్రము వెలుపలికి వచ్చినచో టైరు మడ్గార్డుకు రాచుకొనును. బేరింగులపై భారము పెరుగును. తమ్ముడు నొచ్చుకొనినను, లెక్కను కాదనలేకపోయెను.

నాన్నగారి కోరిక వేఱు. "ఏ క్రాస్‌ప్లై టైర్లతో ఈ కారు పుట్టినదో అవియే వేయవలెను" అని వారి పట్టుదల. 2021లో కేంద్ర ప్రభుత్వమువారు, ఏబది యేండ్లు దాటి తొలిరూపము చెడని వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసిరి. తమ కారు ఆ గౌరవమునకు తగినదని వారి మురిపెము. నేను ఉస్తాదుగారినే మా యింటికి తీసికొనివచ్చితిని. క్రాస్‌ప్లై టైరులో నూలుపొరలు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా పోవును. చక్రము తిరుగునప్పుడు అవి ఒకదానితో నొకటి ఒరసికొని వేడెక్కును. రేడియల్ టైరులో దారములు అంచునుండి అంచునకు నిటారుగా పోవును. పైపొర క్రింద గట్టి పట్టీ యుండును. ప్రక్కగోడ వంగినను పైపొర నేలను సమముగా పట్టియుండును. వేడి తక్కువ, పట్టు ఎక్కువ. ఫ్రాన్సు దేశపు మిషెలినువారు 1946లో దీనికి పేటెంటు తీసికొనిరి. కావున ఇది మన కారుకంటె చిన్నవయస్సుది కాదు సుమా అని నేను నవ్వుచు అంటిని.

నాన్నగారు చాలసేపు పలుకలేదు. పిమ్మట ఆ ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలు చదివి వినిపింపుమనిరి. అట్టి బండిని నిత్యము నడుపరాదనియు, ప్రదర్శనలకును, మరమ్మతులకును, పెట్రోలు పోయించుటకును మాత్రమే తీయవచ్చుననియు చదివితిని. "చౌమహల్లా ప్రాసాదమున నిజాముగారి 1912 నాటి రోల్స్‌రాయిస్ ఉన్నది. అది చూచుటకు. మన కారు ఎక్కుటకు. ఎక్కినవారు క్షేమముగా దిగుటయే దాని తొలిరూపము. రేడియల్ టైర్లే వేయింపుము, చక్రములు మాత్రము మార్చకుము" అనిరి. ఆ మాటతో చర్చ ముగిసెను.

చక్రముల పరీక్షకు పెద్ద యంత్ర మక్కఱలేదు. ఉస్తాదుగారు కారును జాకీపై లేపి, చక్రమును త్రిప్పుచు, అంచునకు దగ్గఱగా సుద్దముక్క నిలిపి పట్టిరి. నాలుగు చక్రములపై గీత చుట్టును సమముగా పడెను. ఒకదానిపై ఒక ప్రక్కనే పడెను. అది వంగినదన్నమాట. దాని నట్టు రంధ్రములును సాగి కోలగానుండెను. అట్టి చక్రమును సుత్తితో కొట్టి సరిచేయుట ప్రమాదమని చెప్పి, పుత్లీబౌలిలో, రాణీగంజులో వెదకించి, ఒక పాత టాక్సీ చక్రమును సంపాదించిరి. తుప్పు గీకి, రంగు వేయించి, సుద్దతో మఱల పరీక్షించిరి. పాత రిమ్ములకు ట్యూబులేని టైరును నిలుపు లోపలి గట్టు లేదు గనుక క్రొత్త ట్యూబులు వేయించితిమి. క్రాస్‌ప్లైని, రేడియలును కలిపి వాడరాదు. కావున స్టెప్నీతో కలిపి అయిదును ఒక్కసారియే కొంటిమి. టైర్లకు మూడు వారములు వేచియుండవలసి వచ్చినది. ఈమాఱు నేను గాడు చూడకముందే నాలుగంకెలు చూచితిని. భారసూచిక 87, అనగా ఒక్కొక్క టైరు 545 కిలోలు మోయగలదు. మా కారుకు అది చాలినంత కంటె హెచ్చు.

టైర్లు వేసిన దినమున నాన్నగారు వాని అడుగుభాగము ఉబ్బియుండుట చూచి, "గాలి తక్కువైనది" అని రెండుమాఱులు కొలిపించిరి. రేడియల్ టైరు అట్లే కనబడునని చెప్పినను నమ్మక, మూడవమాఱు తామే కొలిచిరి. నిలిచియున్నప్పుడు స్టీరింగు మునుపటికంటె బరువైనది. కాని కదలిన పిమ్మట కారు గీత గీచినట్లు పోవుచున్నది.

2023 ఆగస్టు 19వ తేదీని ఇందిరా పార్కునుండి వి.ఎస్.టి. వఱకు ఉక్కు వంతెన తెఱచిరి. కొన్ని దినములకు ఒక రాత్రి నాన్నగారు దానిమీద పోవలెననిరి. ఆర్.టి.సి. కూడలిలో మెట్రో రైలు దారికిని పైగా ఆ వంతెన పోవును. క్రింద చిక్కడపల్లి దీపములు కనబడుచుండెను. నాన్నగారు అద్దము దింపి, చక్రముల చప్పుడు వినుచు కూర్చుండిరి. ఇల్లు చేరి దిగునప్పుడు వేపచెట్టుక్రింద నిలిచి, "ఇక పిల్లలను ఎక్కించుకొనవచ్చును" అనిరి. నా తప్పు వారు క్షమించిరని అప్పుడు నాకు తెలిసినది.

ప్రేలిన టైరును రెండుగా కోయించి మా పాఠశాల ప్రయోగశాలకు తెచ్చితిని. పిల్లలు నూలుపొరలను వ్రేళ్లతో తడవి చూచిరి. నాలుగంకెలను చదువ నేర్చిరి. మఱునాడు పదునొకండుగురు తమ యింటి బండ్ల యంకెలను కాగితములపై వ్రాసికొని వచ్చిరి. వారిలో ఒక ఆటోడ్రైవరుగారి కుమారుడు తెచ్చిన కాగితము ప్రకారము, వారి ఆటో వెనుక టైరు తొమ్మిదేండ్లది. వారమునకే ఆయన దానిని మార్పించినట్లు ఆ బాలుడు వచ్చి చెప్పెను. ఆ కాగితమును నేను నా బల్ల సొరుగులో భద్రముగా దాచుకొన్నాను.