మా వాడి పెరట్లో హాప్స్ పాదు

బీరుకి ఆ చేదు ఎక్కణ్ణించి వస్తుందో మీలో ఎవరికైనా తెలుసా అండీ? నాకు యాభయ్యో ఏడు వచ్చేదాకా తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. మందు గురించి తెలుసుకోవాల్సిందంతా మా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళం ముప్ఫై ఏళ్ళ కిందటే తెలుసుకున్నాం, ఇంక చాలు అనుకునేదాన్ని. అలాంటిది పోయిన ఏడాది అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి, ఐదు నెలలపాటు ఆ చేదు తీగకి నీళ్ళు పోసి, కలుపు తీసి, చివరికి కాయలు కూడా కోసి వచ్చాను.

మా వాడు ఉండేది ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో. నేను ఏప్రిల్ మధ్యలో వెళ్ళాను. కంచె పక్కన నేలలోంచి పిలకలు గుంపులు గుంపులుగా లేస్తున్నాయి. "ఏం పాదు నాయనా ఇది, దొండా?" అన్నాను. "హాప్స్ అమ్మా, బీరులో వేసేది" అన్నాడు. కోడలు నా మొహం ఒకసారి చూసి మెల్లిగా లోపలికి వెళ్ళిపోయింది.

కోపం సంగతి తర్వాత చెప్తాను. ముందు మొక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే మొక్కలో తప్పేం లేదు. విత్తనం వెయ్యరు, దుంపవేరు ముక్క నాటుతారు. చలికాలంలో పైనున్నదంతా ఎండిపోతుంది, లోపల వేరు మాత్రం బతికే ఉంటుంది. వసంతం రాగానే మళ్ళీ లేచి, మూడు నాలుగు నెలల్లో పదిహేను ఇరవై అడుగులు పాకుతుంది. తీగ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగిన వైపుకే చుట్టుకుంటుంది. మనం రెండోవైపు చుట్టి పెట్టినా లాభం లేదు, తన దారికి తను మళ్ళుతుంది. కాడల మీద సన్నటి ముళ్ళలాంటి నూగు ఉంటుంది, చేతులు గీరుకుపోతాయి. పాకించడానికి మా వాడు కట్టింది ఏమనుకున్నారు? కొబ్బరి పీచు తాడు! అక్కడి పెద్ద పెద్ద హాప్స్ తోటల్లో కూడా అదే కడతారట.

ఒక్కో తాడుకి రెండు మూడు బలమైన పిలకలు ఉంచి మిగతావి కత్తిరించేస్తారు. అంత లేత పిలకల్ని పారేస్తుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. తినొచ్చా అని అడిగితే, యూరప్‌లో వాటిని ఖరీదైన కూరగాయలా తింటారు అన్నాడు. ఇంకేం, సన్నగా తరిగి, పెసరపప్పులో వేసి, వెల్లుల్లి తాలింపు పెట్టాను. కోడలు రెండుసార్లు వడ్డించుకుంది.

ఇది గంజాయి కుటుంబానికి చెందిన మొక్క అని విన్నప్పుడు మాత్రం గుండె జారింది. కుటుంబం ఒకటే గానీ దీనికి ఆ మత్తు లేదులెండి. ఇంకో విశేషం, తోటల్లో పెంచేది ఆడమొక్కల్నే. పువ్వులు, అంటే పచ్చటి కాగితపు మడతల్లాంటి చిన్న కాయలు, కాసేది అవే. పక్కన మగమొక్క ఉంటే కాయలో గింజ పడుతుందని దాన్ని తీసేస్తారు. కాయ విప్పి చూస్తే రేకుల మొదట్లో పసుపు అద్దినట్టు పొడి ఉంటుంది. చేదూ వాసనా అంతా ఆ పొడిలోనే.

"మన కావలిలో వస్తుందా?" అని అడిగాను, ఊరికే. సరిగ్గా రాదన్నాడు. దానికి చలికాలం నిద్ర కావాలి, వేసవిలో బాగా పొడుగాటి పగళ్ళు కావాలి. జూన్‌లో పోర్ట్‌లాండ్‌లో పగలు పదిహేనున్నర గంటలకి పైనే ఉంటుంది, రాత్రి తొమ్మిదికి గానీ పొద్దు గూకదు. మన నెల్లూరు తీరాన ఎంత ఎండాకాలమైనా పగలు పదమూడు గంటలే. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారట.

ఇక బీరు కాచడం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. పిల్లలకి మనం చేసే మొలకల రాగిపిండి లాగే. దాన్ని వేడి నీళ్ళలో నానబెట్టి తియ్యటి నీళ్ళు వడకట్టి, ఆ నీళ్ళలో హాప్స్ వేసి గంటసేపు మరిగిస్తారు. మొదట వేసినవి చేదునిస్తాయి, చివర్లో వేసినవి వాసననిస్తాయి. చల్లారాక ఈస్టు వేసి రెండు వారాలు ఉంచుతారు. హాప్స్‌కి ఇంకో గుణం కూడా ఉంది, బీరుని పాడవకుండా నిలవ ఉంచుతాయి. మన ఊరగాయకి ఉప్పు ఎలాగో అలాగ. పన్నెండో శతాబ్దంలో జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని ఈ సంగతి రాసిపెట్టిందట. అంతకుముందు ఇంగ్లండ్ లాంటి చోట్ల ఇంట్లో తాగేది ఇంటి ఆడవాళ్ళే కాచేవాళ్ళు. అది నాలుగు రోజుల్లో పులిసిపోయేది. నిలవ ఉండటం మొదలయ్యాక దూరాలకి పంపొచ్చు కదా, అది పెద్ద వ్యాపారమై ఆడవాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం తప్పు కాదు. 1978లో కార్టర్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చట్టం చేశారు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల పైచిలుకు. అమ్మకూడదు, అంతే. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు వాళ్ళు వస్తారు. మా వాడు ఇవన్నీ గడగడా చెప్పాడు. నేను విన్నాను. కానీ నా భయం చట్టానిది కాదు కదా.

మా పుట్టినూరు అల్లూరుకి అవతల, సముద్రం దగ్గర. నాయన ఉప్పు మళ్ళలో కూలికి పోయేవాడు. తాటిచెట్లున్న ఊరు, కల్లు మాకు కొత్త కాదు. కుండకి సున్నం పూస్తే తియ్యటి నీరు, పూయకపోతే కల్లు, అంతవరకే మా చిన్నప్పటి లెక్క. ఇళ్ళు కూల్చింది కల్లు కాదు, సారా. ప్యాకెట్లలో వచ్చేది, గుమ్మం ముందుకే వచ్చేది. నాయన డబ్బులు తేని రోజల్లా అమ్మ గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది. 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం వచ్చి, రాత్రిపూట లాంతరు దగ్గర అమ్మ అంకెలు నేర్చుకున్నాక ఆ గీతలు పుస్తకంలోకి ఎక్కాయి. నెల చివర కూడితే ఎంతవుతుందో అమ్మ చూసింది అప్పుడే.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు దుకాణం మూయించారు. అది మిగతా ఊళ్ళవాళ్ళకి పాఠమైంది. 1992లో మా జిల్లాలో సారా పాటలు జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా వేశారు. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని వెళ్ళింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

నాయన పూర్తిగా మారాడని చెప్పను. కొన్నాళ్ళు పక్క ఊళ్ళకి పోయి తాగొచ్చాడు. కానీ రోజూ తాగేవాడల్లా వారానికి రెండుసార్లకి వచ్చాడు. ఆ తేడా డబ్బులతోనే నా ఇంటర్ పరీక్ష ఫీజు కట్టారు. అందుకే మా వాడి పెరట్లో ఆ తీగ ఎంత ముచ్చటగా పాకినా, నీళ్ళు పోసేటప్పుడు నా చెయ్యి బరువుగానే ఉండేది.

అమ్మకి ఫోన్లో ఎవరో చెప్పేశారు. "ఏందిమే, మనవడు ఇంట్లో సారా కాస్తన్నాడంటనే?" అంది. సారా కాదమ్మా, బీరు అన్నాను. "పేరేదయితే ఏంది. పొద్దుగూకేటప్పుడు ఆ పిల్ల ఎట్టుంటదో చూసినావా?" అని అడిగింది.

అప్పటిదాకా నేను చూసింది సీసాల్ని, తీగని, కొడుకుని. కోడల్ని చూడలేదు.

ఆగస్టు చివర కాయలు కోతకొచ్చాయి. పట్టుకుంటే కాగితంలా గరగరమనాలి, అప్పుడే కొయ్యాలి. నేనూ కోడలూ వరండాలో కూర్చుని తీగల్నించి కాయలు తుంచుతుంటే అడిగాను. "గొడవలేం లేవత్తయ్యా. మామూలుగా శనివారం ఒకటో రెండో, అంతే. స్నేహితులొచ్చిన రోజు మాత్రం లెక్క ఉండదు. మర్నాడంతా పడుకునే ఉంటారు. అడిగితే 'నేనేమన్నా తాగుబోతునా' అంటారు. అందుకని అడగడం మానేశాను" అంది.

మిగతావన్నీ సర్దుకోవచ్చు. 'అడగడం మానేశాను' అన్నది నాకు మింగుడు పడలేదు. మా అమ్మ నాయన్ని అడగడం మానేసిన ఏళ్ళు నాకు బాగా గుర్తు.

మా వాడు బీరు కాచిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఏ తేదీన కాచాడు, బార్లీ ఎంత, హాప్స్ ఎన్ని గ్రాములు, ఎన్నో నిమిషంలో వేశాడు, ఎన్ని సీసాలయ్యాయి. ఆ రాత్రి పుస్తకం అడిగి తీసుకుని మొత్తం చదివాను. "ఎంత శ్రద్ధగా రాశావురా" అంటే మురిసిపోయాడు. "కాచిందంతా రాశావు నాయనా. తాగింది ఎక్కడా రాయలేదే?" అన్నాను.

వాడికి కోపం వచ్చింది. "తాతయ్యకీ నాకూ పోలికేంటమ్మా" అన్నాడు. పోలిక లేదు, నిజమే. వీడు జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు, గిన్నెలు తోముతాడు, గొంతు పెంచడు. అదే చెప్పాను. "నువ్వు తాతయ్యవి కాదు. అందుకే నిన్ను అంకె మాత్రమే అడుగుతున్నా. అంకె రాయడానికి ఇబ్బందేముంది?" రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. మూడో రోజు చూస్తే పుస్తకంలో కొత్త గడి గీసి ఉంది.

సెప్టెంబర్‌లో నేను వచ్చేశాను. ఇప్పటికి నాలుగు నెలలు. కోడలు నెలకోసారి ఆ పేజీ ఫొటో తీసి పంపుతుంది. అక్టోబర్, నవంబర్ తగ్గింది. డిసెంబర్ చివర్లో పార్టీలని బాగా పెరిగింది. దాని మీద వాళ్ళిద్దరికీ మాట పట్టింపు కూడా వచ్చిందట. అడిగింది కదా, నాకు అదే చాలు.

మొన్న అమ్మకి ఇదంతా చెప్పాను. అంతా విని, "ఆ అంకెలు వాడు రాస్తన్నాడా, ఆ పిల్ల రాస్తన్నదా?" అంది. ఒక వారం వాడు, ఒక వారం ఆ పిల్ల అన్నాను.

"అట్టయితే సరే" అంది.