తల స్థానంలో తామర

లజ్జాగౌరి అనే దేవతకు తల ఉండదు. మెడ మీద విచ్చిన తామర, పురుటి వేళలోలా మడిచి ఎడంగా పెట్టిన కాళ్లు, దిగంబర దేహం. అలాంటి శిల్పం ఒకటి అలంపూర్ మ్యూజియంలో ఉంది. కర్నూలులో హైదరాబాదు రోడ్డెక్కి తుంగభద్ర వంతెన దాటితే రాయలసీమ అయిపోతుంది. అలంపూర్ చౌరస్తా దగ్గర కుడికి తిరగాలి. ఊరు జోగులాంబ గద్వాల జిల్లాలోదే అయినా, సంతకూ ఆసుపత్రికీ దానికి దగ్గరి పట్నం కర్నూలే.

'లజ్జ' అన్న మాట చూసినవాళ్లు తగిలించినది. ఆ భంగిమలో నాకైతే సిగ్గు జాడ కనిపించలేదు. ఋగ్వేదం పదో మండలంలోని ఒక సూక్తం భూమి 'ఉత్తానపద' నుంచి, అంటే కాళ్లు చాచి పైకెత్తిన దాని నుంచి పుట్టిందంటుంది. 1956లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ఈ శిల్పరూపాన్ని ఆ సూక్తంతో కలిపి, దేవతల తల్లి అదితిగా గుర్తించారు. ప్రాచీన ఈజిప్టులోనూ సృష్టికి ముందున్న నీటికి నౌనెట్ అనే స్త్రీరూపం ఉంది, హెర్మోపొలిస్ ఎనిమిది మంది ఆదిదేవతల్లో ఆమె ఒకతె. అక్కడి ఆదిమాత పాముతలతో, ఇక్కడి ఆదిమాత పువ్వుతలతో! ఇద్దరికీ మానవముఖం లేకపోవడం ఒక్కటే పోలిక, సంబంధం కాదు.

ఊళ్లో కథ వేరు. పరశురాముడు నరికిన తల్లి రేణుక తల ఎల్లమ్మ అయిందట, మొండెం భూదేవి అయిందట. వేదంలో భూమిని కన్న రూపమే జనం నోట భూమిగా మారింది.

నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి విగ్రహం ఒకదాని మీద శాసనముంది: ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుని రాణి ఖండువుల చేయించినది. ఆమె తనను ముత్తైదువనని, బిడ్డలు బతికున్న తల్లినని చెప్పుకుంది. ఇలాంటి దేవత దగ్గర స్త్రీలు కోరుకునేది ఇంతకంటే సూటిగా ఎవరూ చెక్కించలేదు.

మ్యూజియం నుంచి నాలుగడుగులు వేస్తే బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు. పాత జోగులాంబ గుడి ధ్వంసమయ్యాక అమ్మవారి విగ్రహం వాటిలో ఒకటైన బాలబ్రహ్మేశ్వరాలయంలోనే శతాబ్దాలు గడిపింది. 2005లో కొత్త గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఈమెకు తల ఉంది, ఆ తల మీద బల్లి, తేలు, పుర్రె కూడా ఉన్నాయి.