ఎక్కడెక్కడ ఆగుదాం?

గురువారం రాత్రి భోజనాల దగ్గర మావారు "శనివారం పొద్దున్నే అరకు వెళ్దామా?" అనగానే పిల్లలిద్దరూ కంచాల ముందే గంతులేశారు. విశాఖలో ఉంటూ అరకు చూసి ఆరేళ్ళైంది మరి. నవంబరు నెలాఖరు. వలిసె పూలు పూసి లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉండే రోజులు.

అత్తయ్య మాత్రం మజ్జిగ కలుపుకుంటూ "మీరు వెళ్ళిరండి. ఈ మోకాళ్ళతో నేనెక్కడ తిరుగుతాను?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల కాస్త హాయిగానే అనిపించింది. ఆవిడకి విడిగా ఉప్పు తక్కువ కూర, మందుల డబ్బా, వెనక సీట్లో సర్దుకోవడాలు... ఒక పని తగ్గిందనుకున్నాను.

మావారు కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. ఐదింటికి బయలుదేరడం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, తర్వాత ఘాట్ రోడ్డు. అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు, గాలికొండ, అరకు. సుమారు 115 కిలోమీటర్లు. "మధ్యలో ఎక్కడా ఆగకపోతే మూడున్నర గంటల్లో అక్కడుంటాం" అన్నారు గర్వంగా.

ఆ "ఎక్కడా ఆగకపోతే" అన్న మాట రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. కిందటేడు బంధువుల పెళ్ళికి కారులో వెళ్ళినప్పుడు అత్తయ్య మండపంలో కళ్ళు తిరిగి పడిపోయారు. అందరం బీపీ అనుకున్నాం. ఒంట్లో నీరు లేదన్నారు డాక్టరు. ఎండకేమో అనుకుని వదిలేశాం.

శుక్రవారం పొద్దున్న కాఫీ ఇస్తూ పక్కన కూర్చుని అడిగాను. "అత్తయ్యా, మోకాళ్ళ కోసమేనా రానంటున్నారు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "గంటకోసారి వెళ్ళాలమ్మాయ్. కారు ఆపమని వాణ్ణి ఎన్నిసార్లు అడగను? కన్నకొడుకే అయినా సిగ్గుగా ఉంటుంది. ఆ పెళ్ళికి ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేశాను" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేనూ చేసేది అదే. ఊరెళ్తున్నామంటే గొంతు తడుపుకోవడమే తప్ప గ్లాసెడు నీళ్ళు తాగను. తెలుగు బి.ఏ. చదివాను గానీ, ఈ చిన్న మాటని ఇంట్లో మగవాళ్ళ ముందు చెప్పడానికి నాకూ మాటలు దొరకలేదు ఇన్నేళ్ళూ.

ఆ సాయంత్రం మావారి కాగితం తీసుకుని, ఊళ్ళ పేర్ల పక్కన ఇంకో వరస గీశాను. పైన "ఎక్కడ ఆగుదాం" అని రాశాను. మొదటిది పెందుర్తి దాటాక ఒక పెట్రోలు బంకు. రెండోది శృంగవరపుకోట. అక్కడే టిఫిను, ఘాట్ మొదలవకముందే. మలుపుల్లో ఎక్కడ పడితే అక్కడ కారు ఆపడానికి వీలుండదు కదా. మూడోది అనంతగిరి. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ కాబట్టి పిల్లలూ ఆయనా దిగుతారు. నేనూ అత్తయ్యా పైనే కూర్చుంటాం.

మావారు చూసి నవ్వారు. "ఇన్నిసార్లు ఆగితే ఇంక చేరినట్టే!"

నేను జవాబు వెతుక్కునేలోపు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది. "నాకూ కావాలి నాన్నా. స్కూల్లో కూడా నేను నీళ్ళు తాగను. బాత్రూములు బాగుండవు."

ఇంట్లో అంతా నిశ్శబ్దం. పొద్దున నింపిచ్చిన సీసా సాయంత్రం సగం అలాగే వస్తే బద్ధకమని తిట్టానే! మూడు తరాలవాళ్ళం, ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం దాహం దాచుకుంటున్నాం.

మావారు ఇంకేమీ అనలేదు. కాగితం తీసుకుని "ఐదింటికి" అన్నది కొట్టేసి "నాలుగున్నరకి" అని రాశారు.

మీరూ ఎక్కడికైనా బయలుదేరుతుంటే ఒక్క మాట. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. మొహమాటపడకండి. ఒక సబ్బు, పాత న్యూస్‌పేపరు, చిన్న మగ్గు కారులో పెట్టుకోండి. వాంతులయ్యేవాళ్ళకి మాత్ర ఘాట్ ఎక్కడానికి అరగంట ముందే వెయ్యండి. అన్నిటికన్నా ముందు, ఎక్కడ ఆగాలో ఇంట్లోనే, అందరి ముందూ మాట్లాడుకోండి. దారిలో అడగాల్సిన అవసరం పడదు.

శనివారం తెల్లవారుజామున పులిహోర డబ్బాలు సర్దుతుంటే అత్తయ్య శాలువా కప్పుకుని వంటింట్లోకి వచ్చారు. బిందెలోంచి గ్లాసు ముంచుకుని, నిలబడి మొత్తం తాగేశారు. "నా సీసా కూడా నింపమ్మాయ్" అన్నారు.

దారిలో నాలుగుసార్లు ఆగాం. అనుకున్నదానికంటే గంటన్నర ఆలస్యంగా చేరాం. వలిసె పూలు ఎక్కడికీ పోలేదు.