క్యూ మన చేతిలో ఉండాలి

జూలై 9, 2018, సోమవారం

సాయంత్రం ఏడు దాటిందంటే మా నెట్ ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటోంది. నెట్ అసలు రావడం లేదని ఎవరూ అనడం లేదు. మలికిపురం నుంచి చేసినావిడ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "సినిమాలు బాగానే దిగుతున్నాయండి. కువైట్‌లో మా అమ్మాయితో ఐమోలో మాట్లాడదామంటేనే మాట మింగేస్తోంది." కోనసీమలో ఇది చిన్న ఫిర్యాదు కాదు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉంది. చాలామంది నెట్ పెట్టించుకున్నదే రాత్రి పూట ఆ ఒక్క కాల్ కోసం.

గ్రాఫ్ చూస్తే లైన్ నిండలేదు. మేం కొనేది 500 మెగాబిట్లు. రాత్రి తొమ్మిదింటికి కూడా 410 దాటలేదు. అయితే ఆ గ్రాఫ్‌లో ప్రతి చుక్కా ఐదు నిమిషాల సగటు. మాట తెగిపోయేది సెకనులో పదో వంతులో. సగటులు చూస్తూ కూర్చుంటే ఈ జబ్బు ఎన్నాళ్లకీ దొరకదు.

ఓనర్ గారిది ఒకటే మాట: "అబ్బాయ్, ఒక గిగ్ తీసేసుకుందాం. గొడవ వదిలిపోద్ది." నెలాఖరు దాకా ఆగమని అడిగాను. సరేనన్నారు గానీ మనసులో లేదు.

జూలై 10, మంగళవారం

మా షేపింగ్, అంటే ఎవరి ప్లాన్ వేగానికి వాళ్లని కట్టడి చేసే పని, అంతా ఫ్రీబీఎస్‌డీ 11.1 మీద, ఐపీఎఫ్‌డబ్ల్యూ, డమ్మీనెట్‌లతో నడుస్తుంది. ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో రూల్స్‌తో తేల్చేది మొదటిది, వేగం కట్టిన పైపుల్లో క్యూ కట్టించేది రెండోది. పోయిన నెల దాకా విడిగా ఒక బాక్సు ఉండేది. అది పాతబడిపోయిందని అవే సెట్టింగులతో కొత్త సర్వర్‌లోకి వర్చువల్ మెషీన్‌గా మారింది.

మామూలుగా 'టాప్' కొడితే సీపీయూకి పనే లేనట్టు కనిపిస్తుంది. కెర్నెల్ త్రెడ్లను విడివిడిగా చూపించమన్నాక అసలు సంగతి తెలిసింది. నెట్‌వర్క్ కార్డు ఇంటరప్ట్ త్రెడ్డు ఒక్కటే ఒక కోర్‌ని పూర్తిగా తినేస్తోంది. మిగతా మూడు కోర్లూ ఖాళీ. డమ్మీనెట్ త్రెడ్డు మీద పెద్ద భారమేమీ లేదు. అంటే ఆలస్యం క్యూలో మొదలవడం లేదు, క్యూ ఎక్కకముందే మొదలవుతోంది.

కారణం రూల్సే. కస్టమర్‌కి డౌన్‌లోడ్‌కొకటి, అప్‌లోడ్‌కొకటి చొప్పున 2 వేల కనెక్షన్లకి 4 వేల రూల్స్ పేరుకున్నాయి. ఐపీఎఫ్‌డబ్ల్యూ వాటిని పైనుంచి కిందికి ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వస్తుంది. ప్యాకెట్ సగటున వెయ్యి బైట్లనుకుంటే 410 మెగాబిట్లకి సెకనుకు 50 వేల ప్యాకెట్లు పైనే. ఒక్కో ప్యాకెట్ తన రూల్ దొరికేలోగా సగటున 2 వేలు దాటాలి. సెకనుకు పది కోట్ల పోలికలు! అందులో పనికొచ్చేది ప్యాకెట్‌కి ఒక్కటే.

దీనికి మందు ఐపీఎఫ్‌డబ్ల్యూలోనే ఉంది. కస్టమర్ల ఐపీ అడ్రసులన్నీ ఒక టేబుల్‌లో పెట్టి, అడ్రసు పక్కనే వాళ్ల ప్లాన్ పైపు నంబరు విలువగా రాయాలి. రూల్‌లో పైపు నంబరు ఉండాల్సిన చోట 'టేబుల్ఆర్గ్' అని పెడితే చాలు. టేబుల్ లోపల అడ్రసు వెతుకులాట రాడిక్స్ ట్రీ మీద జరుగుతుంది కాబట్టి వరసగా నడిచే బాధ లేదు. రూల్స్ 4 వేల నుంచి రెండుకి దిగుతాయి. పైపుకి అడ్రసు మాస్క్ పెడితే ఒకే ప్లాన్ పైపు నుంచి ఎవరి పైపు వాళ్లకి దానంతటదే పుడుతుంది.

ఒక్కటి మరచిపోకూడదు. అలా పుట్టిన పైపులని డమ్మీనెట్ హాష్ టేబుల్‌లో దాచుకుంటుంది. దానికి మొదట ఉండేవి 64 గడులే. పది మెగాబిట్ల ప్లాన్‌లో 900 మంది ఉన్నారు, గడికి పద్నాలుగు మంది పడతారు. రూల్స్‌లో తీసేసిన వెతుకులాటను మళ్లీ ఇక్కడ పెట్టుకోవడం దేనికి? 1024 గడులు ఇస్తున్నాను.

జూలై 11, బుధవారం

తెల్లవారుజామున నాలుగింటికి మార్చాను. రాత్రి రద్దీ వేళకి ఇంటరప్ట్ త్రెడ్డు కోర్‌లో నాలుగో వంతు కూడా వాడలేదు. ఫోన్లు తగ్గాయి. మలికిపురం ఆవిడ ఫోను మాత్రం మళ్లీ వచ్చింది.

జూలై 12, గురువారం

నాటింగ్‌హామ్‌లో వన్డే. సాయంత్రం ఐదు నుంచి ఊరంతా ఫోన్లలోనే మ్యాచ్ చూస్తోంది. ఇంత మంచి పరీక్ష మళ్లీ దొరకదు కదా అని లైన్ కుర్రాణ్ని ల్యాప్‌టాప్‌తో మలికిపురం పంపించాను. "అన్నా, పింగ్ ఒకసారి 2, ఒకసారి 11, మళ్లీ 3. డౌన్‌లోడ్ పెడితే ఇంకా ఎగురుతోంది. మధ్యలో కొన్ని పోతున్నాయి కూడా," అన్నాడు.

ఆ పది మిల్లీసెకన్ల దాకా ఎగరడమే దారి చూపించింది. డమ్మీనెట్ ప్యాకెట్లని కెర్నెల్ గడియారం టిక్కు కొట్టినప్పుడే వదులుతుంది. ఫ్రీబీఎస్‌డీ మామూలు యంత్రం మీద సెకనుకు 1000 టిక్కులతో నడుస్తుంది. వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని గమనిస్తే తనంతట తానే 100కి దిగిపోతుంది. ఆ టిక్కుల లెక్క ఉండే కెర్న్ హెచ్‌జెడ్ చూశాను: 100. అంటే పది మిల్లీసెకన్లకొకసారి తలుపు తెరుచుకుంటోంది. సఖినేటిపల్లి రేవులో పంటు కదిలినట్టే ఉంది ఇది. అటు చేరగానే ఎక్కిన బళ్లన్నీ ఒక్కసారే నరసాపురం గట్టు మీద పడతాయి, ఆ కాసేపూ రోడ్డు పట్టదు.

పది మెగాబిట్ల కస్టమర్ ఒక్కడికి టిక్కుకి ఎనిమిది పెద్ద ప్యాకెట్లే. కానీ అందరి ప్యాకెట్లూ అదే టిక్కుకి కదులుతాయి. 410 మెగాబిట్ల మీద పది మిల్లీసెకన్లంటే అరమెగాబైటు. అదంతా గిగాబిట్ వేగంతో ఒకే తోపుగా వీధి స్విచ్‌ల మీదికి వెళుతోంది. స్తంభాలకి కట్టిన ఆ చిన్న స్విచ్‌లలో బఫర్ ఎంతుంటుందని? పోతున్న ప్యాకెట్లు అక్కడ పోతున్నాయి.

ఇవాళ పేపర్లో ఇంకో వార్త. నెట్ న్యూట్రాలిటీ మీద ట్రాయ్ చేసిన సిఫార్సులకి టెలికాం కమిషన్ నిన్న ఆమోదం తెలిపింది. అది చదివాక కూడా మా ఆఫీసులో ఒక సలహా వచ్చింది: మ్యాచ్ వచ్చే యాప్‌కి ముందు దారి ఇచ్చేస్తే అందరూ సంతోషంగా ఉంటారని. అందరూ అంటే ఎవరు? మ్యాచ్ చూడని ఇంట్లో ఆన్‌లైన్‌లో పరీక్షకి ఫీజు కట్టే పిల్లవాడు ఉంటాడు. ఎవరి ప్యాకెట్ గొప్పదో తేల్చే పని నాకొద్దు. చట్టం వద్దన్నా, అనకపోయినా వద్దు.

జూలై 13, శుక్రవారం

లోడర్ కాన్ఫ్‌లో హెచ్‌జెడ్ 1000 పెట్టి రీబూట్ చేశాను. 2000 పెట్టాలన్న ఆలోచన వదిలేశాను. పది మెగాబిట్ల పైపుకి ఒక మిల్లీసెకనులో వచ్చే వాటా 1250 బైట్లు. 1500 బైట్ల ప్యాకెట్ అందులోనే పట్టదు. ఇంకా సన్నగా కోస్తే టైమర్ ఖర్చు తప్ప కస్టమర్‌కి ఒరిగేదేమీ లేదు. స్విచ్‌లలో పోయే ప్యాకెట్లు సాయంత్రానికి దాదాపు ఆగిపోయాయి.

జూలై 15, ఆదివారం

నేనే మలికిపురం వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి, ఫోను నా చేతిలో పెట్టారు. కాల్ పది నిమిషాలు చక్కగా సాగింది. ఇంతలో మనవడు బయటినుంచి వచ్చాడు. వాడి ఫోను వైఫై పట్టుకుంది, అంతే, మాట తెగింది. పింగ్ 300 దాటింది. పొద్దుట గుడి దగ్గర తీసిన ఫొటోలు, వీడియోలు వాడి ఫోను దానంతటది పైకి ఎక్కిస్తోంది.

లెక్క తేలిగ్గానే తేలింది. అప్‌లోడ్ 2 మెగాబిట్లు. డమ్మీనెట్ పైపులో క్యూ మామూలుగా 50 ప్యాకెట్లు. ఒక్కోటి 1500 బైట్లయితే మొత్తం 600 కిలోబిట్లు. అది ఖాళీ అవ్వాలంటే 300 మిల్లీసెకన్లు. ఆవిడ మాట మోసే చిన్న ప్యాకెట్ ఆ యాభై ఫొటో ప్యాకెట్ల వెనకాల నిలబడుతోంది. మాటకి ఒకవైపు ఆలస్యం 150 దాటకుండా ఉంటే మంచిదని ఐటీయూ జీ.114 సిఫార్సు. మన గుమ్మంలోనే దానికి రెట్టింపు అయిపోతోంది. కువైట్ దాకా వెళ్లే దారి ఇంకా మొదలే కాలేదు! ఐపీఎఫ్‌డబ్ల్యూ మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది: అదే 50 ప్యాకెట్ల క్యూ 30 కిలోబిట్ల పైపు మీద 20 సెకన్లవుతుందని.

ఇప్పుడు ఒక గిగ్ కొన్నా ఈ ఇంట్లో ఒక్క మిల్లీసెకను తగ్గదు. ఓనర్ గారికి ఇది కాగితం మీద వేసి చూపించాలి.

క్యూని పది ప్యాకెట్లకి కోసేస్తే? డౌన్‌లోడ్ దెబ్బతింటుంది. టీసీపీ ప్యాకెట్లు గుంపులుగానే వస్తాయి, ఆ గుంపు సర్దుకోవడానికి చోటుండాలి. ఈ చిక్కు మీద పెద్దవాళ్లు ఎన్నాళ్లగానో తలలు బద్దలుకొట్టుకున్నారు. ఎంత పెద్ద బఫర్ ఇచ్చినా రద్దీ తీరదని, ఎవరి వంతు వాళ్లకి రావాలని జాన్ నేగల్ 1985లోనే ఆర్‌ఎఫ్‌సీ 970లో రాశాడు. పాతికేళ్ల తర్వాత జిమ్ గెటీస్ తన ఇంటి లైన్ మీద ఇదే ఆలస్యం చూసి దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ ఇచ్చారు. అది క్యూ పొడవు కొలవదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో కొలుస్తుంది. గుంపు వచ్చి కాసేపట్లో కరిగిపోతే ముట్టుకోదు. 100 మిల్లీసెకన్ల పాటు ఒక్క ప్యాకెట్ కూడా 5 మిల్లీసెకన్ల లోపు బయటపడలేదంటే, అప్పుడు ప్యాకెట్లు పారేయడం మొదలుపెట్టి పంపేవాణ్ని తగ్గమంటుంది. నాకు తెలిసిన నెట్‌వర్క్ పనుల్లో ఇంత సబబైన పని ఇంకోటి లేదు.

జూలై 17, మంగళవారం

ఫ్రీబీఎస్‌డీ 11.0 నుంచి డమ్మీనెట్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్ ఉంది: ఎవరి వంతు వాళ్లకివ్వడం, కోడెల్ కొలత, రెండూ కలిపినది. లుయీజీ రిజో పీసాలో డమ్మీనెట్ రాసింది ప్రోటోకాల్స్‌ని పరీక్షించడానికి, ఒక్క యంత్రం మీదే నిదానమైన నెట్‌వర్క్‌ను సృష్టించుకోవడానికి. దాని మీద ఆయన వ్యాసం 1997లో వచ్చింది. ఆ పనిముట్టు మీద ఇవాళ మా ఊరి నెట్ నడుస్తోంది.

కస్టమర్ల పైపులకి ఎఫ్‌క్యూ-కోడెల్ పెట్టాను. ఒక్కో కస్టమర్ లోపల కాల్‌కి వేరే వరస, ఫొటోలకి వేరే వరస, తలా ఒక వంతు. కాల్ ఏదో, ఫొటో ఏదో అది విప్పి చూడదు. ఎవరు తక్కువ పంపుతుంటే వాళ్లు ఆగాల్సిన పనిలేదు, అంతే. మొన్నటి సలహాకి నా జవాబు ఇదే.

రెండు చోట్ల మాత్రం ఉన్న విలువలు ఒప్పుకోలేదు. 2 మెగాబిట్ల మీద ఒక పెద్ద ప్యాకెట్ వెళ్లడానికే 6 మిల్లీసెకన్లు పడుతుంది, కోడెల్ మామూలు టార్గెట్ 5 ఉంచితే ఒంటరి ప్యాకెట్‌ని కూడా తప్పు పట్టినట్టవుతుంది. అప్‌లోడ్ టార్గెట్ 10కి పెంచాను. ఇక ఫ్లోలు, అంటే ఆ విడి వరసలు, మామూలుగా 1024. ఒక లింకుకి అది బాగుంటుంది. ఇక్కడ కస్టమర్‌కి రెండు చొప్పున 4 వేల షెడ్యూలర్లు పుడతాయి కాబట్టి కెర్నెల్ మెమరీ వందల మెగాబైట్లు పోతుంది. 128కి దించాను, ఒక ఇంటికి అది బోలెడు.

రాత్రి మలికిపురంలో మనవడి చేత ఫొటోలు ఎక్కించి పింగ్ పెట్టించాను. 20 దగ్గర నిలబడింది. ఆవిడ నలభై నిమిషాలు మాట్లాడారట.

జూలై 18, బుధవారం

నెట్‌వర్క్ కార్డుల మీద ఎల్‌ఆర్‌ఓ ఆన్‌లో ఉంది, తీసేశాను. వచ్చిన ప్యాకెట్లని కలిపి 64 కిలోబైట్ల ముద్ద చేస్తే సర్వర్‌కి మంచిదేమో, రూటర్‌కి కాదు. పది మెగాబిట్ల మీద ఆ ముద్ద ఒక్కటే 52 మిల్లీసెకన్లు.

జూలై 21, శనివారం

ఇక మేం కొనే పై లైన్. రద్దీ 500కి తగిలినప్పుడు ప్యాకెట్లు మాకు లైన్ అమ్మే పైవాళ్ల పెట్టెలో నిలబడతాయి, లేదా అక్కడే పోతాయి. అక్కడ ఎవరి వంతూ ఎవరూ చూడరు. ఇరుకు మన దగ్గర ఉంటేనే క్యూ మన చేతిలో ఉంటుంది. అందుకని మొత్తం ట్రాఫిక్ మీద 480 మెగాబిట్ల పైపు ఒకటి పెట్టాను, అదీ ఎఫ్‌క్యూ-కోడెల్‌తోనే. ఐపీఎఫ్‌డబ్ల్యూలో వన్‌పాస్ అనే సెట్టింగుని సున్నా చేస్తే ప్యాకెట్ కస్టమర్ పైపులోంచి వచ్చాక తర్వాతి రూల్‌కి వెళ్లి ఈ పైపులో కూడా దిగుతుంది. డమ్మీనెట్ త్రెడ్డు పని దాదాపు రెట్టింపయ్యింది, అయినా కోర్‌లో సగం దాటలేదు.

ఓనర్ గారు వెంటనే పట్టుకున్నారు: "డబ్బులు ఐదొందలకి కట్టి నాలుగొందల ఎనభై వాడుకోవడమేంటి?" ఆ ప్రశ్న న్యాయమైనదే. కాగితం తీసి మలికిపురం ఇంటి లెక్కంతా వేసి చూపించాను: 300, 20. ఆయన చాలాసేపు చూసి, గిగ్ డబ్బులతో రెండు మెగాబిట్ల అప్‌లోడ్‌లన్నీ ఐదు చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. పది మెగాబిట్ల ప్లాన్ వాళ్లతో సోమవారం మొదలుపెడుతున్నాం.